ష్నైడరా, స్నైడరా? ఒక ఇంటిపేరు గుట్టు ఎలా విప్పాలి

మొన్న వేసవిలో ఇంట్లో కరెంటు బోర్డు మార్పించాం. ఎలక్ట్రీషియన్ కొత్త ఎమ్‌సీబీ బిగించి "స్నైడర్ కంపెనీది వేశా సార్, ఇంక టెన్షన్ లేదు" అన్నాడు. డబ్బా మీద పేరు ఎస్-సి-హెచ్‌తో మొదలవుతోంది. అంటే ష్నైడర్. నేను సరిదిద్దలేదు. అమెరికాలో ఆ పేరే స్నైడర్‌గా మారిపోయిన కుటుంబాలు బోలెడు.

అదే వారం ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామా, మా ఇంటి ఓనరు ష్నైడర్. అమెరికా ఆఫీసులో మా మేనేజరు స్నైడర్. టీమ్‌లో పోలండ్ అతను ఒకడున్నాడు, మెయిల్లో పేరు ఎస్-జెడ్-ఎన్-ఏ-జె-డి-ఇ-ఆర్ అని ఉంటుంది. నేను స్జ్నాజ్డర్ అని పిలిస్తే పడీపడీ నవ్వి, ష్నైడెర్ అనాలన్నాడు. వీళ్ళంతా ఒకే ఇంటివాళ్ళా?"

అవునని అతను ఆశపడుతున్నట్టు గొంతులోనే తెలుస్తోంది. అప్పుడు ఫోన్లో ముక్కలుముక్కలుగా చెప్పిన పద్ధతినే ఇక్కడ వరసగా రాస్తున్నాను. ష్నైడర్‌ని ఉదాహరణగా తీసుకున్నా, జర్మన్ లేదా యిద్దిష్ (తూర్పు యూరప్ యూదుల భాష) ఇంటిపేరు దేనికైనా చాలామటుకు ఇదే దారి.

1. ముందు మాటకి అర్థం తేల్చుకోండి

జర్మన్‌లో ష్నైడెన్ అంటే కోయడం, కత్తిరించడం. ష్నైడర్ అంటే కత్తిరించేవాడు, వాడుకలో దర్జీ. కుట్టేవాణ్ణి పట్టుకుని కత్తిరించేవాడు అనడమేమిటి అనిపిస్తే మన ఊళ్ళో కాస్త పెద్ద టైలరింగ్ షాపుకి వెళ్ళి చూడండి. మెడలో టేపు వేసుకుని, బల్ల మీద గుడ్డ పరిచి, సుద్దతో గీతలు గీసి కత్తెర పెట్టే మనిషే అక్కడ పెద్ద. ఆయన్ని కటింగ్ మాస్టర్ అంటారు. మిషన్ల మీద కూర్చునేవాళ్ళంతా ఆయన తర్వాతే. కుట్టు తప్పితే విప్పి మళ్ళీ కుట్టొచ్చు, కత్తెర తప్పితే గుడ్డ పోయినట్టే. ఇంగ్లీషు టైలర్ కూడా ఫ్రెంచిలో కోయడం అనే అర్థమున్న మాట నుంచి వచ్చిందే.

జర్మనీలో అందరికంటే ఎక్కువమందికి ఉన్న ఇంటిపేర్లు ఇలా వస్తాయి: ముల్లర్, ష్మిట్, ష్నైడర్, ఫిషర్, వేబర్. పిండిమర నడిపేవాడు, కమ్మరి, దర్జీ, చేపలు పట్టేవాడు, నేతగాడు. పాతకాలపు పల్లెటూరి బజారు మొత్తం ఈ అయిదు పేర్లలో ఉంది. ప్రతి ఊరికీ ఒక దర్జీ ఉంటాడు కాబట్టి ప్రతి ఊళ్ళోనూ ఒక ష్నైడర్ కుటుంబం విడిగా పుట్టి ఉండొచ్చు. పేరు కలిసిందని చుట్టరికం కలపకూడదన్నది ఇక్కడే తేలిపోతుంది. రెండు వేర్వేరు జిల్లాల్లో కుమ్మరి అనే ఇంటిపేరున్నవాళ్ళు కనిపిస్తే మనం అన్నదమ్ములు అనుకోం కదా.

జర్మనీ అంతటా దర్జీని ఒకే మాటతో పిలవలేదు. పడమర, దక్షిణాల్లో ష్నైడర్ అంటే, ఉత్తరాన ష్రోడర్, ష్రాడర్ అన్నారు. దాని మూలం కూడా కత్తిరించడమే. 1998 నుంచి 2005 దాకా జర్మనీ ఛాన్సలర్‌గా ఉన్న గెర్హార్డ్ ష్రోడర్ ఇంటిపేరు అదే. ఇక స్విట్జర్లాండ్‌లో ఎన్ తర్వాత వై పెట్టి రాసే పేరు ఒకటి ఉంది, టెన్నిస్ చూసేవాళ్ళకి పాటీ ష్నీడర్ గుర్తుండే ఉంటుంది. అక్కడ వై అంటే దీర్ఘం, "ష్నీ" అని పలకాలి. మధ్యయుగాల జర్మన్‌లో ఈ మాట "స్నీ" శబ్దంతోనే ఉండేది. తర్వాత జర్మన్‌లో చాలాచోట్ల "ఈ" కాస్తా "ఐ"గా మారింది, స్విస్ కొండల్లో మారలేదు. ఉత్తర జర్మనీ పల్లెభాషలోనూ అంతే.

2. మతాన్ని పేరులోంచి ఊహించకండి

ఈ అడుగులోనే ఎక్కువమంది జారతారు. "బెర్గ్, స్టైన్, మన్ ఉంటే యూదులు" అని ఎవరో చెప్పగా విని, ష్నైడర్‌కి కూడా ఏదో ఒక ముద్ర వేసేస్తారు.

పేరున్న ముగ్గుర్ని చూడండి. నటి రోమీ ష్నైడర్ 1938లో వియన్నాలో పుట్టింది. తండ్రి ఇంటిపేరు ఆల్బాఖ్, ఆమె వాడుకున్నది తల్లి మాగ్డా ష్నైడర్ పేరు. యూదురాలు కాదు. వయొలిన్ వాద్యకారుడు అలెగ్జాండర్ ష్నైడర్ 1908లో విల్నాలో, అంటే ఇప్పటి విల్నియస్‌లో, యూదు కుటుంబంలో పుట్టాడు. ఆయనా, అన్న మిషా ఇద్దరూ బుడాపెస్ట్ క్వార్టెట్ అనే నలుగురు వాద్యకారుల బృందంలో వాయించారు. మూడోది ఒలింపిక్స్‌లో మంచు మీద స్కీయింగ్‌లో మూడు బంగారు పతకాలు గెలిచిన వ్రేనీ ష్నైడర్, స్విస్ కొండప్రాంతపు అమ్మాయి. ముగ్గురి పేరూ ఒకే అక్షరాలతో రాస్తారు. ముగ్గురి మధ్యా ఏ చుట్టరికమూ లేదు.

ఇంకో సాక్ష్యం చెబుతాను, ఇది కాస్త చేదుగా ఉంటుంది. 1938 ఆగస్టులో నాజీ ప్రభుత్వం ఒక ఉత్తర్వు తెచ్చింది. పేరు చూడగానే యూదులని తెలియకపోతే, మగవాళ్ళు పేరుకి ఇజ్రాయెల్ అనీ ఆడవాళ్ళు సారా అనీ తగిలించుకోవాలని. 1939 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. మనుషుల్ని విడదీయడమే పనిగా పెట్టుకున్న ప్రభుత్వానికి కూడా ఇంటిపేరు చూసి చెప్పడం చేతకాలేదన్నమాట. మీరు వెతికేటప్పుడు 1939 తర్వాతి జర్మన్ కాగితాల్లో ఆడవాళ్ళ పేరు మధ్యలో సారా కనబడితే అది అమ్మానాన్నలు పెట్టిన పేరనుకోకండి, ఈ ఉత్తర్వు గుర్తు తెచ్చుకోండి. అందుకే జర్మనీలో ఎవరినైనా "మీరు యూదులా?" అని పేరు చూసి అడగడం మొరటుతనం. వాళ్ళంతట వాళ్ళు చెబితే వినండి.

3. తేదీ చూసి ఏ దారో పట్టుకోండి

ఒకే పేరు రెండు వేర్వేరు కాలాల్లో, రెండు వేర్వేరు కారణాలతో స్థిరపడింది.

జర్మన్ క్రైస్తవ కుటుంబాల్లో ఇంటిపేర్లు 12వ శతాబ్దం నుంచి పట్టణాల్లో మొదలై, మెల్లగా పల్లెలకి పాకి, 15వ శతాబ్దం నాటికి చాలావరకు కుదురుకున్నాయి. ఒకే ఊళ్ళో నలుగురు హాన్స్‌లు ఉంటే దర్జీ హాన్స్, కమ్మరి హాన్స్ అనేవారు. కొడుకు దర్జీ పని మానేసినా పేరు మాత్రం నిలిచిపోయింది.

తూర్పు యూరప్ యూదులకి ఆ అవసరం అంతగా పడలేదు. ఫలానావారి అబ్బాయి ఫలానా అంటే సరిపోయేది, ప్రార్థనా మందిరంలో కూడా అలాగే పిలిచేవారు. ఇంటిపేరు వాళ్ళకి ప్రభుత్వం తెచ్చిపెట్టింది. పన్నులు వసూలు చేయడానికీ, సైన్యంలోకి మనుషుల్ని లాగడానికీ రాజ్యానికి మారని పేరు కావాలి. ఆస్ట్రియా చక్రవర్తి రెండో జోసెఫ్ 1787లో ఆజ్ఞ ఇచ్చి, 1788 జనవరి 1 నుంచి తన రాజ్యంలో ప్రతి యూదు కుటుంబానికీ స్థిరమైన ఇంటిపేరు ఉండాలన్నాడు. అప్పట్లో ఆస్ట్రియా కిందున్న గలీసియాకీ ఇది వర్తించింది. రష్యా 1804లో, ఫ్రాన్స్‌లో నెపోలియన్ 1808లో, ప్రష్యా 1812లో, రష్యా నీడలో ఉన్న పోలండ్ రాజ్యం 1821లో ఇలాంటివే తెచ్చాయి.

కాబట్టి మీకు 1650 నాటి చర్చి పుస్తకంలో ష్నైడర్ దొరికితే అది మొదటి దారి. యూదు కుటుంబానికి 1780కి ముందు ఇదే ఇంటిపేరు వెతుకుతూ కూర్చుంటే తూర్పు యూరప్‌లో చాలావరకు ఏమీ దొరకదు. దొరకలేదంటే కాగితాలు పోయాయని కాదు, అప్పటికింకా పేరే పుట్టలేదని.

4. రాసింది ఏ గుమాస్తానో చూడండి

మొత్తం పనిలో నాకు నచ్చిన భాగం ఇది. స్పెల్లింగు కుటుంబాన్ని పట్టివ్వదు, రాసిన గుమాస్తాని పట్టిస్తుంది. అతని భాష ఏది, అతని బల్ల ఏ దేశంలో ఉంది, ఆ ఏడు ప్రభుత్వం ఏ లిపిలో రాయమంది అన్నవి చెబుతుంది. చౌదరి అనే ఒక్క మాటని ఇంగ్లీషులో ఎన్నిరకాలుగా రాస్తున్నామో మనకి తెలుసు. ఓ-డబ్ల్యు పెట్టేవాళ్ళు, ఓ-యు పెట్టేవాళ్ళు, చివర ఐ, చివర వై. ఆ తేడాలు వంశాలవి కావు, స్కూల్లో చేర్పించేటప్పుడు హెడ్మాస్టర్ చేతిలో ఉన్న కలానివి.

పోలిష్‌లో ఎస్-జెడ్ కలిస్తే "ష", జె అంటే "య". కాబట్టి మా మేనల్లుడు నాలిక మెలితిప్పుకున్న ఆ పేరు అచ్చంగా ష్నైడెర్. అదే శబ్దానికి చెక్‌లో, సెర్బో-క్రొయేషియన్‌లో ఎస్ మీద చిన్న కొక్కెం పెడతారు. చెక్ ఆడవాళ్ళకి అది ష్నైడ్రోవా అవుతుంది, కాబట్టి అన్నాచెల్లెళ్ళ పేర్లు వేరుగా కనబడితే కంగారు పడకండి. లాట్వియాలో చివర ఒక ఎస్ అతుక్కుంటుంది. స్లొవేనియాలో జర్మన్ మాట నోట్లో బాగా నలిగి ఝ్నీదార్, దానిమీద ఝ్నీదార్షిచ్ అయింది. రొమేనియాలో ఎస్ కింద కామా పెడతారు.

రష్యన్‌లో సంగతి వేరే. అక్కడ జర్మన్ "ఐ" శబ్దాన్ని విన్నట్టు రాయరు, ఇ-ఐ అనే జర్మన్ అక్షరాలని చూసి "ఎయ్" అని రాయడం అలవాటు. ఐన్‌స్టీన్‌ని రష్యన్లు ఎయ్న్‌ష్టెయ్న్ అంటారు. అలాగే ష్నైడర్ కాస్తా ష్నెయ్‌దెర్. ఆ రష్యన్ రాతని అమెరికాలోనో ఇజ్రాయెల్‌లోనో మళ్ళీ ఇంగ్లీషులోకి దించితే ఎస్-హెచ్-ఎన్-ఇ-వై అయి కూర్చుంటుంది. ఆ వరస అక్షరాలు కనబడ్డాయంటే ఆ పేరు ఎక్కడో ఒకచోట రష్యన్ లిపిలోంచి దాటి వచ్చిందని దాదాపు ఖాయంగా చెప్పొచ్చు.

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. ఊరు వార్సా దగ్గర. 1860లో పుట్టిన పెద్దబ్బాయి పేరు పోలిష్‌లో ఎస్-జెడ్‌తో రాశారు. 1868లో పోలండ్ రాజ్యపు పౌర రికార్డులన్నీ రష్యన్‌లోకి మార్చమన్నారు, కాబట్టి 1872లో పుట్టిన చెల్లెలి పేరు రష్యన్ లిపిలో ష్నెయ్‌దెర్. పెద్దయ్యాక అన్న హాంబుర్గ్‌లో ఓడ ఎక్కాడు, అక్కడి జర్మన్ గుమాస్తా తనకి అలవాటైన ఎస్-సి-హెచ్‌తో రాసుకున్నాడు. న్యూయార్క్‌లో పదేళ్ళు ఉన్నాక కొట్టు బోర్డు మీద స్నైడర్ అని ఎస్-ఎన్-వైతో రాయించుకున్నాడు. ఇల్లు ఒక్కటే, రాతలు నాలుగు. దీన్నే తిరగేస్తే, ఈ నాలుగు రాతలూ వేర్వేరు కుటుంబాలవని తేల్చేసి చేతులు దులుపుకున్నవాళ్ళూ ఉన్నారు.

5. యిద్దిష్ రూపాన్ని ఒకసారి కాగితం మీద పెట్టండి

యిద్దిష్ అంటే మధ్యయుగాల జర్మన్ మీద హీబ్రూ, స్లావిక్ మాటలు చేరి, తూర్పు యూరప్ యూదుల ఇంటిభాషగా బతికిన భాష. రాసేది హీబ్రూ లిపిలో, కుడి నుంచి ఎడమకి. మన పేరు అందులో షిన్, నున్, పక్కపక్కన రెండు యూద్‌లు, దాలెత్, అయిన్, రేష్. యూద్ చిన్న కామాలా గాల్లో వేలాడుతుంది. రెండు యూద్‌లు పక్కనపక్కన కనబడితే "ఐ" లేక "ఎయ్". అయిన్‌ని హీబ్రూలో వేరేగా వాడతారు కానీ యిద్దిష్‌లో అది "ఎ" అచ్చు. ఈ ఏడు గుర్తులూ ఒక చీటీ మీద రాసి దగ్గర పెట్టుకుంటే సమాధిరాయి ఫొటోల్లోనూ, పాత పత్రికల్లోనూ భాష రాకపోయినా పేరుని పట్టుకోవచ్చు.

పలుకు ప్రాంతాన్ని బట్టి మారుతుంది. విల్నా వైపు ష్నాయ్‌డెర్ అంటే, వార్సా వైపు "య" మింగేసి ష్నాడెర్ అని సాగదీస్తారు. గుమాస్తా విన్నది విన్నట్టు రాసేవాడైతే ఆ "య" కాగితంలో కూడా ఉండదు. గుంటూరు గుమాస్తా, కరీంనగర్ గుమాస్తా ఒకే మాటని తలో రకంగా రాసినట్టే.

రష్యా సామ్రాజ్యంలో యూదుల జననమరణాల పుస్తకాల్లో ఒకవైపు రష్యన్, ఎదుటి పేజీలో హీబ్రూ లిపి ఉండేవి. దొరికితే రెండు పేజీలూ చూడండి. రష్యన్ పేజీలో గజిబిజిగా ఉన్న పేరు ఎదురు పేజీలో స్పష్టంగా ఉండొచ్చు.

6. పాత జర్మన్ కాగితం చదివేటప్పుడు

మూడు చోట్ల మోసపోతాం.

"హాన్స్ ముల్లర్, ష్నైడర్" అని ఉంటే అతను ముల్లర్ ఇంటివాడు, వృత్తి దర్జీ. కామా తర్వాతది ఇంటిపేరు కాదు. పాత పుస్తకాల్లో కామా కూడా ఉండదు, అప్పుడు ఆ ఊళ్ళోనే అతని పిల్లల ఎంట్రీలు చూసి ఏది మారలేదో గమనించాలి. మనకిది కొత్త కాదు. చాకలి ఐలమ్మ అని లోకమంతా పిలిచే ఆవిడ ఇంటిపేరు చిట్యాల. వందేళ్ళ తర్వాత ఎవరో విదేశీయుడు రికార్డులు తిరగేస్తే చాకలి ఇంటిపేరనే రాసుకుంటాడు.

క్యాథలిక్ చర్చి పుస్తకాలు లాటిన్‌లో ఉంటాయి. అక్కడ దర్జీ "సార్తోర్". పాస్టర్లు ఒక్కోసారి వృత్తినే కాక ఇంటిపేరుని కూడా లాటిన్ చేసేసేవారు. చదువుకున్న కొన్ని ష్నైడర్ కుటుంబాలైతే గొప్ప కోసం సార్టోరియస్ అని శాశ్వతంగా మార్చేసుకున్నాయి. అలాగే 17, 18 శతాబ్దాల్లో ఆడవాళ్ళ ఇంటిపేరుకి చివర "ఇన్" చేర్చేవారు. ష్నైడరిన్ అని ఉంటే అది వేరే పేరు కాదు, ష్నైడర్ వాళ్ళావిడో అమ్మాయో.

మూడోది చేతిరాత. కూరెంట్ అనే ఆ పాత జర్మన్ గొలుసుకట్టులో "ఇ" అక్షరం అచ్చం "ఎన్" లాగే ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు ష్నైడర్ అన్న పేరులో నాకు వరసగా ఎన్‌లే కనిపించాయి, పేరు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియలేదు. ఓ గంట కుస్తీ పట్టాక ఒక చిట్కా తట్టింది: అదే పేజీలో మీకు ముందే తెలిసిన మాట, అంటే నెల పేరో పీటర్ లాంటి పేరో వెతికి, అందులో "ఇ" ఎలా రాశాడో చూసుకోండి. ప్రతి పాస్టర్ చేతికీ ఒక అలవాటు ఉంటుంది, అది పట్టుకుంటే మిగతా పేజీ దారికొస్తుంది.

కాగితాలెక్కడ దొరుకుతాయంటారా? ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైటు ఉచితం, అక్కడ మొదలుపెట్టండి. క్యాథలిక్ చర్చి పుస్తకాలకి మాత్రికులా, అదీ ఉచితమే. ప్రొటెస్టెంట్ పుస్తకాలకి ఆర్కియోన్, దానికి డబ్బు కట్టాలి. యూదు కుటుంబాలకి జ్యూయిష్‌జెన్. ప్రష్యాలో 1874 అక్టోబరు నుంచి, జర్మనీ మొత్తంలో 1876 జనవరి నుంచి జననమరణాలు ప్రభుత్వమే నమోదు చేసింది, అంతకుముందువాటికి చర్చి పుస్తకాలే ప్రధానం.

7. సముద్రం దాటిన పేరుని వెతకడం

"ఎల్లిస్ ఐలాండ్‌లో ఆఫీసరుకి పేరు పలకడం రాక మార్చేశాడు" అని అమెరికాలో ప్రతి రెండో కుటుంబంలో చెబుతారు. సరదాగా ఉంటుంది కానీ నమ్మకండి. 1892లో న్యూయార్క్ రేవులో తెరిచిన ఆ వలసదారుల తనిఖీ కేంద్రంలో ఇన్‌స్పెక్టర్లు పేర్లు కొత్తగా రాయలేదు. ఓడ కంపెనీ గుమాస్తాలు బయల్దేరే రేవులోనే రాసిచ్చిన జాబితా ముందు పెట్టుకుని టిక్కులు కొట్టారు. అందుకే మీరు ముందుగా చూడాల్సింది బయల్దేరిన రేవు. హాంబుర్గ్ జాబితాలు 1850 నుంచి 1934 వరకు చాలామటుకు మిగిలాయి. బ్రెమెన్‌వి ఎక్కువ భాగం పోయాయి.

పేరు మార్చుకున్నది ఎక్కువగా వలస వచ్చినవాళ్ళే, వచ్చిన కొన్నేళ్ళకి. 1906 చట్టం ప్రకారం పౌరసత్వం ఇచ్చేటప్పుడే కోర్టు పేరు కూడా మార్చవచ్చు, కాబట్టి పౌరసత్వ కాగితం దొరికితే పాతదీ కొత్తదీ ఒకేచోట ఉండే అవకాశం ఉంది. సమాధిరాయి మీద హీబ్రూలో ఉండే తండ్రి పేరు కూడా రాసుకోండి. ఇంటిపేరు నాలుగుసార్లు మారినా అది మారదు.

స్నైడర్లందరూ ఇలా మారినవాళ్ళే అనుకోవద్దు. పెన్సిల్వేనియాకి 1808 నుంచి 1817 దాకా గవర్నరుగా ఉన్న సైమన్ స్నైడర్ అప్పటికే జర్మన్ వలసదారు కొడుకు, ఆయన పేరున అక్కడ ఒక కౌంటీ ఉంది. డచ్‌వాళ్ళకి స్నైడర్స్ అనే సొంత రూపం ఉంది. ఆంట్వెర్ప్ చిత్రకారుడు ఫ్రాన్స్ స్నైడర్స్ 1579లోనే పుట్టాడు.

కొన్ని కుటుంబాలు పేరుని అనువాదమే చేసేశాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ పేరుంటే అనుమానంగా చూసే రోజుల్లో ష్నైడర్ టేలర్ కావడం మామూలే. ఇది మామూలు జనానికే కాదు. 1917లో బ్రిటన్‌లో బాటెన్‌బెర్గ్ వాళ్ళు మౌంట్‌బాటెన్ అయ్యారు. జర్మన్ బెర్గ్ అంటే కొండ, ఇంగ్లీషులో మౌంట్, దాన్ని తీసి ముందుకు పెట్టారు. మన ఆఖరి వైస్రాయి ఇంటిపేరు కథ అదే.

8. సౌండెక్స్ లెక్క చేతితో ఒకసారి చేయండి

సౌండెక్స్ అంటే పేరుని దాని శబ్దాన్ని బట్టి ఒక అంకెల గుర్తుగా మార్చే పద్ధతి. వెబ్‌సైట్లో "ఇలాంటి శబ్దాలు కూడా" అని టిక్ పెడితే లోపల జరిగేది ఇదే, తెలిస్తే ఎక్కడ తప్పుతుందో తెలుస్తుంది. 1918లో పేటెంట్ అయిన అమెరికన్ సౌండెక్స్‌లో మొదటి అక్షరం ఉంచి, అచ్చులు వదిలేసి, హల్లులకి అంకెలు వేస్తారు. ఎన్‌కి 5, డి కి 3, ఆర్‌కి 6. ఎస్, సి, జెడ్, జె అన్నీ 2, ఒకే అంకె పక్కపక్కన వస్తే ఒకటే లెక్క.

జర్మన్ ష్నైడర్: ఎస్ పక్కన సి కలిసిపోయింది, మిగిలింది 5, 3, 6. అంటే ఎస్-536. అమెరికన్ స్నైడర్ కూడా ఎస్-536. బాగుంది. ఇప్పుడు పోలిష్‌ది చేయండి: ఎన్ కి 5, మధ్యలో ఏ, తర్వాత జె వచ్చింది. పోలిష్‌లో "య" అయిన ఆ జె కి అమెరికన్ లెక్కలో 2. తర్వాత డి 3. మూడంకెలతో ఆపాలి కాబట్టి ఎస్-523. అంతే, అన్నదమ్ములు విడిపోయారు. టిక్ పెట్టినా వెతుకులాటలో ఆ కాగితం కనబడదు.

దీనికి విరుగుడుగా 1985లో డైచ్, మోకోటాఫ్ అనే ఇద్దరు తూర్పు యూరప్ పేర్లకోసం వేరే లెక్క కట్టారు. అందులో ఎస్-సి-హెచ్, ఎస్-జెడ్, ఒంటరి ఎస్ మొత్తం మొదట్లో 4. ఎన్ 6. ఏ-జె కలిస్తే డి ముందు సున్నా విలువ కూడా లేదు, వదిలేస్తారు. డి 3, ఆర్ 9. ఆరంకెలు నిండేలా చివర సున్నాలు పెడితే మూడు రాతలూ 463900 దగ్గర కలుస్తాయి. కాబట్టి యూదు లేదా పోలిష్ రికార్డులు వెతికేటప్పుడు డైచ్-మోకోటాఫ్ అని ఉన్నదాన్నే ఎంచుకోండి.

అయితే ఏ లెక్కా అనువాదాన్ని పట్టుకోలేదు. టేలర్ కోసం వేరేగా వెతకాలి. అలాగే రష్యన్‌లో పోర్త్‌నోయ్, పోలిష్‌లో క్రావియెత్స్, ఉక్రెయిన్‌లో క్రావెట్స్, హంగరీలో సాబో, రొమేనియాలో క్రోయితోరు, ఇవన్నీ దర్జీలే. గాయకుడు లెనీ క్రావిట్జ్ పేరు కూడా. హీబ్రూలో దర్జీని హయాత్ అంటారు, యిద్దిష్‌లోనూ ఆ మాట ఖాయెత్ అని వాడతారు. ఇజ్రాయెల్ వెళ్ళి హీబ్రూ పేరు పెట్టుకున్న కుటుంబాన్ని వెతికేటప్పుడు ఇది చూడండి.

9. దగ్గరగా కనబడి వేరైన పేర్లు

ష్నేర్‌సన్ దర్జీ పేరు కాదు, ష్నేయర్ అనే మనిషి పేరు మీద వచ్చింది. హసీదీ అనే యూదు భక్తి ఉద్యమపు గురువు ష్నేయర్ జల్మాన్ (1745–1812) వంశంవాళ్ళకి అది. ష్నిట్సర్ చెక్క చెక్కేవాడు, ష్నిటర్ పంట కోసేవాడు. ముందు ఇంకో మాట అతుక్కుని ఉంటే గుడ్డతో సంబంధమే లేకపోవచ్చు: బ్రెట్‌ష్నైడర్ పలకలు కోసేవాడు, ష్టైన్‌ష్నైడర్ రాయి చెక్కేవాడు.

మా ఎమ్‌సీబీ మీద ఉన్న ష్నైడర్లు అడోల్ఫ్, యూజీన్ అనే అన్నదమ్ములు. ఫ్రాన్స్‌లోని లొరేన్ ప్రాంతంవాళ్ళు, 1836లో ల క్రూజో అనే ఊళ్ళో ఇనుము ఫ్యాక్టరీ కొన్నారు. పేరు జర్మన్, మనుషులు ఫ్రెంచివాళ్ళు.

మేనల్లుడు నెల తర్వాత మళ్ళీ ఫోన్ చేశాడు. ఓనరు గారు ఉత్సాహం పట్టలేక తమ ఊరి చర్చి పుస్తకం ప్రింటు తెచ్చి చూపించారట, అందులో పెద్దాయన వృత్తి దగ్గర సార్తోర్ అని ఉంది. పోలండ్ అతను యూదుడని మావాడు గట్టిగా అనుకున్నాడు. కాదు, క్యాథలిక్. ముత్తాతలు జర్మనీ నుంచి పోలండ్ వలస వచ్చి స్థిరపడినవాళ్ళు. అమెరికా మేనేజరు మాత్రం వాళ్ళ తాతగారి పౌరసత్వ కాగితం ఫొటో పంపాడు, పాతపేరు దగ్గర ఎస్-జెడ్, కొత్తపేరు దగ్గర ఎస్-ఎన్-వై, పుట్టిన ఊరు వార్సా పక్కన. ఆయన తాత యూదుడు. మావాడి అంచనాలేవీ నిలవలేదు.

ఆ తర్వాత మేనేజరు తిరిగి అడిగాడట, "మరి నీ వేమూరి సంగతి?" ఊరిపేరని, వేమూరు గుంటూరు పక్కన ఉందని చెప్పాడు. అంతవరకూ బాగానే ఉంది. "మీ నాన్నగారిదీ ఇదే స్పెల్లింగా?" అంటే ఆగిపోయాడు. పాస్‌పోర్టులో చివర ఐ. వాళ్ళ నాన్న టెన్త్ సర్టిఫికెట్లో డబుల్ ఓ, చివర వై.